ఇద్దరు చిన్నపిల్లలతో హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం కారులో, 14 గంటలు ఎలా గడపాలో చెప్పండి ప్లీజ్

చిన్నూ వాళ్ళమ్మ:

అందరికీ నమస్తే. సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్తున్నాం, శ్రీకాకుళం దాటాక లోపలికి ఇంకో అరగంట. ట్రైన్ టికెట్ల సంగతి మీకు తెలిసిందే, మేం చూసేసరికే వెయిటింగ్ లిస్ట్ చాంతాడంత ఉంది, అందుకని ఇంక కారే. 700 కిలోమీటర్ల పైమాటే. మావారొక్కరే డ్రైవింగ్, నాకు లైసెన్స్ ఉంది గానీ హైవే మీద ధైర్యం చాలదు. పెద్దోడికి ఐదున్నర, చిన్నదానికి రెండు దాటి మూడు నెలలు.

దసరాకి ఇలాగే వెళ్ళాం, ఆ కథ చెప్తే మీకే అర్థమవుతుంది. హయత్‌నగర్ దాటకుండానే వీడు విసిగిస్తున్నాడని ఫోన్ ఇచ్చా. హాయిగా కార్టూన్లు చూసుకుంటున్నాడు కదా అని నేను కూడా కాస్త కళ్ళు మూసుకున్నా. నకిరేకల్ దగ్గర "అమ్మా కడుపులో ఏదోలా ఉంది" అన్నాడు, నేను వెనక్కి తిరిగేలోపే తాగిన పాలు మొత్తం సీటు మీద, ఫోన్ మీద, చెల్లెలి గౌను మీద. ఆ వాసనకి చిన్నది కూడా మొదలెట్టింది. రోడ్డు పక్కన ఆపి వాటర్ బాటిళ్ళు ఖాళీ చేసి కడిగాం కానీ సీటు బెల్టు దూరే ఆ సందుల్లోకి వెళ్ళింది ఇప్పటికీ ఎండల్లో గుర్తు చేస్తూనే ఉంది. కోదాడ వచ్చేసరికి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, అక్కడి నుంచి "ఇంకెంత దూరం" మొదలు. అది విజయవాడ దాటినా ఆగలేదు, తుని దాటినా ఆగలేదు. ఊళ్ళో దిగేసరికి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు మావారు ట్యాబ్ ఒకటి కొని ముందు సీటు వెనకాల తగిలించేద్దాం అంటున్నారు. నాకేమో ఇష్టం లేదు, అలాగని వేరే ఐడియా కూడా లేదు. చిన్నది నా ఒళ్ళోనే, ముందు సీట్లో, అక్కడైతే రోడ్డు చూస్తూ కాస్త ఊరుకుంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, బొమ్మలు ఏం తీసుకెళ్ళాలి, తినడానికి ఏం పెట్టాలి, ఎప్పుడు బయల్దేరాలి.

స్టీరింగ్ మామ:

అమ్మా, నేను 20 ఏళ్ళుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నా, పిల్లలతో కూడా. ముందు టైమ్ సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. పిల్లల్ని రాత్రి పడుకోబెట్టిన బట్టల్లోనే ఎత్తుకొచ్చి కూర్చోబెట్టండి, సూర్యాపేట దాకా లేవరు. అక్కడ ఇడ్లీలు తినిపించి, మొహాలు కడిగి, పది నిమిషాలు పరిగెత్తనివ్వండి. అంటే మీకు 130 కిలోమీటర్లు ఊరికే అయిపోయినట్టు. కొంతమంది రాత్రి పదింటికి బయల్దేరి పొద్దున్నకి దిగిపోదాం అంటారు, పిల్లలు నిద్రపోతారని. పిల్లలు నిద్రపోతారు సరే, డ్రైవరు కూడా నిద్రపోతాడు. రాత్రంతా నడిపాక తెల్లవారుజామున కళ్ళు మూతపడటం ఎవరి చేతిలోనూ ఉండదు, పైగా మీకు మార్చుకోడానికి రెండో డ్రైవరు లేరు. అసలు రాజమండ్రిలో ఒక రాత్రి ఆగితే ఇంకా మంచిది, ఖర్చు చూసుకోండి.

పండక్కి పంతంగి టోల్ దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా. భోగికి ముందు రెండు రోజులూ వద్దు, ఇంకా ముందే వెళ్ళిపోండి. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ముందు రోజే చూసుకోండి. హైవే మీద ఏదైనా అయితే 1033 కి కొట్టండి.

ఇంక బొమ్మలు. గుండ్రంగా దొర్లేవి ఏవీ కార్లోకి ఎక్కించొద్దు. మా చిన్నోడి రబ్బరు బంతి ఒకసారి వెనక నుంచి దొర్లుకుంటూ వచ్చి నా బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంది, కట్టంగూర్ దగ్గర. బ్రేక్ తొక్కితే సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ముందు లారీ ఉంది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగి ఎలాగో పక్కకి తెచ్చా, చేతులు వణుకుతూనే ఉన్నాయి చాలాసేపు. వాటర్ బాటిల్ అయినా అంతే, కింద వెయ్యొద్దు.

వాంతి సంగతికొస్తే అది ఫోన్ వల్లే. చెవి లోపల ఉండే బ్యాలెన్స్ భాగం బండి కదులుతోంది అని చెప్తుంది, కళ్ళేమో కదలని స్క్రీన్ చూస్తుంటాయి, రెండింటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. పుస్తకం చదివినా, రంగులేసినా ఇదే. అద్దంలోంచి దూరంగా చూస్తే చాలామందికి తగ్గిపోతుంది. కాస్త అద్దం దించండి, బయల్దేరే ముందు పాలు పట్టొద్దు. మాత్రలు వెయ్యాలంటే పిల్లల డాక్టర్‌ని అడిగే వెయ్యండి, పెద్దవాళ్ళ మాత్ర విరిచి ఇవ్వడాలు చెయ్యకండి.

డాలస్ పిన్ని:

అమ్మాయ్, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ ఒళ్ళో కూర్చోబెట్టుకోడం ఆపెయ్. కోప్పడుతున్నా అనుకోకు, మా అక్క కూతురికి కూడా ఇదే చెప్పా. ముందు సీటు ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అది పెద్దవాళ్ళ కోసం చేసింది, తెరుచుకుందంటే కన్ను మూసి తెరిచేలోపు గుద్దినట్టు వస్తుంది, ఒళ్ళో పిల్ల ఉంటే ఆ దెబ్బ దానికే. ఎయిర్‌బ్యాగ్ లేని కారైనా 80 స్పీడ్‌లో బ్రేక్ పడితే నీ చేతులు పిల్లని ఆపలేవు, ఎంత గట్టిగా పట్టుకున్నా సరే. ఇండియాలో కూడా రూల్ ఉంది, 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు పెట్టారు, 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలి, లేకపోతే 1000 రూపాయలు ఫైన్. ఎవరూ ఆపి అడగరులే అంటావా, అడగరు, కానీ మనకి కావాల్సింది పోలీసులకి భయపడటం కాదు కదా.

మా టెక్సస్‌లో 8 ఏళ్ళు వచ్చేదాకా పిల్లల సీటు ఉండాల్సిందే, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప. మొదట్లో మా చిన్నది కూడా గగ్గోలు పెట్టేది, నడుం విల్లులా వంచేసి బెల్టు పెట్టనిచ్చేది కాదు. ఏం చేశానంటే సీటు కొన్న వారం రోజులూ దాన్ని హాల్లో పెట్టా. అందులో కూర్చునే అన్నం, అందులోనే కథలు, ఎలుగుబంటి బొమ్మకి అదే బెల్టు పెట్టడం. తర్వాత కార్లోకి మార్చితే అది "నా కుర్చీ" అయిపోయింది. నువ్వు కూడా పండగ రోజు కాదు, ఇవాళే కొని ఇంట్లో పెట్టు. మీ కార్లో వెనక సీటు సందుల్లో ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే పిల్లల సీటు తగిలించేవి, ఉన్నాయేమో చూస్కో, ఉంటే బిగించడం తేలిక. రెండేళ్ళ పిల్ల కాబట్టి సీటు బరువు లిమిట్ ఒప్పుకుంటే ఇంకొన్నాళ్ళు వెనక్కి తిరిగి కూర్చునేలా పెట్టినా మంచిదే. వాడిన సీటు ఎవరైనా ఇస్తే అది యాక్సిడెంట్ అయిన కారులోది కాదని కనుక్కో.

మేం డాలస్ నుంచి హ్యూస్టన్ నాలుగు గంటలే, అయినా మధ్యలో బక్కీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు దగ్గర ఆగుతాం, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, పిల్లలు అక్కడుండే బీవర్ అనే జంతువు బొమ్మతో ఫోటో దిగేదాకా మళ్ళీ కారెక్కరు. ఆగేచోటు ముందే చెప్పి పెడితే వాళ్ళకి ఎదురు చూడ్డానికి ఒకటి ఉంటుంది, అదే అసలు కిటుకు అని నాకనిపిస్తుంది.

ఓరుగల్లు అక్క:

ఫోన్ ఇయ్యద్దు అని చెప్పుడు మస్తు అల్కగుంటది అక్కా, పొద్దంత పిలగాండ్లతోని ఉండేటోళ్ళకే తెలుస్తది. నేనైతే ఇస్త, సిగ్గు పడేదేం లేదు. కాకపోతే ముందుగాల ఇయ్య. ఫోన్ అంటే ఆఖరి తూటా అన్నట్టు, మొదట్ల పేల్చినవంటే ఇగ నీ చేతుల ఏం ఉండది. మీకు అనకాపల్లి దాటినంక, అందరు అలసిపోయినంక, అప్పుడు ఇయ్యి, ఒక అరగంట. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు 2019ల చెప్పిన్రు, రెండు నుంచి నాలుగేండ్ల పిలగాండ్లకు దినానికి గంటకు మించి స్క్రీన్ వద్దని, అంతకంటె చిన్నోళ్ళకు అస్సలే వద్దని. ట్యాబ్ సీటు ఎనుక తగిలిస్తే 14 గంటలు నడుస్తనే ఉంటది, బంద్ జేసుడు నీ తరం కాదు. పైసలు దండుగ, మల్ల వాంతులు.

స్క్రీన్ లేకుంట వినిపించుడు మంచిగ పనిజేస్తది. మా అత్తమ్మతోని ఫోన్ల కథలు రికార్డ్ చేయించిన, ఆమె పొలంకాడ పాము కథ, నక్క కథ, మధ్యల ఆమె దగ్గు, పక్కకెల్లి కోడి కూత అన్నీ పడ్డయి. మా పోరలు గా కోడి కూసే కాడికి వచ్చినంక వాళ్ళు గూడ కూస్తరు. మీరు ఎట్లగూ తాత నాయనమ్మ కాడికే పోతున్రు కదా, ఇప్పుడే ఫోన్ జేసి రికార్డ్ చేయించున్రి.

పెద్దోనికి నంబర్ ప్లేట్ల ఆట నేర్పు. సదువుడు రాకున్నా రంగులు తెలుస్తయి కదా. తెల్లది సొంత బండి, పసుపుది కిరాయి బండి, పచ్చది కరెంటు బండి. పచ్చది కనవడ్డోళ్ళకు పది పాయింట్లు, ఎందుకంటే హైవే మీద తక్కువ కనవడ్తయి. కొంచెం సదువుడొస్తే టీఎస్ ఎన్ని టీజీ ఎన్ని లెక్కవెట్టుమను, 2024 మార్చి నుంచి కొత్తయన్ని టీజీయే కదా. విజయవాడ దాటినంక అది చెన్నై కలకత్తా రోడ్డు, తమిళనాడు, ఒడిశా, బెంగాల్ లారీలు అన్ని కనవడ్తయి, ఆట మల్ల కొత్తగ అయితది.

రిటైర్డ్ టీచరమ్మ:

చిన్నూ వాళ్ళమ్మ గారూ, నేను 31 ఏళ్ళు ఒకటో తరగతి రెండో తరగతి పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని, ఇప్పుడు మనవలకి చెప్తున్నాను. మీరు వెళ్ళే రోడ్డే ఒక వాచకం అండి, పుస్తకం మోసుకెళ్ళక్కర్లేదు. ఇవాళ "చ" రోజు అనండి, చౌటుప్పల్, చిట్యాల, చిల్లకల్లు, బోర్డు మీద "చ" కనబడగానే అరవాలి. "న" అంటే నార్కట్‌పల్లి, నకిరేకల్, నందిగామ. "క" అంటే కట్టంగూర్, కోదాడ, కంచికచర్ల. ఇంగ్లీష్ మీడియం పిల్లలు తెలుగు అక్షరం చూస్తే మొహం తిప్పేసుకుంటారు కానీ పరుగెత్తే బోర్డు మీద పట్టుకోమంటే అది వేట అయిపోతుంది. పైగా తల పైకెత్తి దూరంగా చూస్తాడు కాబట్టి స్టీరింగ్ మామ గారు చెప్పిన వాంతి బాధ కూడా ఉండదు.

తర్వాత పొడుపు కథలు. ఐదేళ్ళ వాడికి పెద్ద పెద్దవి వద్దు, ఒంటి మీద ఉన్నవే అడగండి. "అమ్మ అంటే కలుస్తాయి, అయ్య అంటే విడిపోతాయి, ఏమిటవి?" ఇది అడిగి జవాబు చెప్పకండి. వాడు అమ్మ, అయ్య, అమ్మ, అయ్య అని అనుకుంటూ ఉంటాడు, ఓ పది సార్లయ్యాక చెయ్యి దానంతటదే నోటి దగ్గరకి పోతుంది. ఆ మొహం చూడాలండి. పెదవులు! "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. "తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" అంటే ఉత్తరం, కానీ ఈ కాలం పిల్లలకి ఉత్తరం అంటే ఏమిటో అదో కథ చెప్పాలి, దాంతో ఇంకో 20 కిలోమీటర్లు గడిచిపోతాయి. అడవిలో పుట్టి అడవిలో పెరిగి మా ఇంటికొచ్చి తైతక్కలాడేది కవ్వం, ఇది ఊరెళ్ళాక నాయనమ్మని అడగమనండి, చూపిస్తుంది కూడా.

"ఇంకెంత దూరం" కి ఒక ఉపాయం చెప్తాను. గంటలు, కిలోమీటర్లు ఆ వయసు వాళ్ళకి అర్థం కావు. పొడుగు కాగితం మీద ఒక గీత గీసి ఊళ్ళు బొమ్మలుగా వెయ్యండి. సూర్యాపేట అంటే ఇడ్లీ, ఇబ్రహీంపట్నం అంటే కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, గన్నవరం అంటే విమానం, ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కనే కదా. గోదావరి అంటే వంతెన, అన్నవరం అంటే కొండ మీద గుడి, ఆఖర్న తాతగారి ఇల్లు. ఒక్కో ఊరు దాటగానే దాని మీద బొట్టు బిళ్ళ అంటించమనండి. ఎంత దూరం అని వాడడగడు, కాగితం చూసి మీకే చెప్తాడు.

చిన్నదానికి కూడా ఒక బొట్టు బిళ్ళల కార్డు ఇవ్వండి. రెండేళ్ళ పిల్లలకి గోటితో లేపి అంటించడం కంటే పెద్ద పని లోకంలో లేదు. మరీ చిన్న చుక్కలు కాదు, పెద్ద తిలకం బిళ్ళలు, అదీ మీరు పక్కనే కూర్చుని నోట్లో పెట్టుకోకుండా చూస్తూ.

చిన్నూ వాళ్ళమ్మ:

అయ్యో ఇన్ని మంచి మాటలు చెప్పారు, అందరికీ థాంక్స్. పిన్నిగారూ, తిట్టినా మంచికే, నిన్నే సీటు తెచ్చాం, హాల్లో పెట్టాం, ప్రస్తుతం దాంట్లో పెద్దోడు కూర్చుంటున్నాడు, చిన్నది వాణ్ణి లాగుతోంది. ట్యాబ్ డబ్బులు దానికే పోయాయి కాబట్టి మావారికి నోట మాట లేదు. తిండి సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

సిక్కోలు గుంటడు:

ఏటి అక్కా, మనూరే వస్తన్నావా, అయితే తిండి నేను సెప్తాను. మా గుంటలతో ప్రతి పండక్కీ ఇదే తిరుగుడు. పులిహోర కట్టకు, సీటంతా పసుపైపోద్ది. ఇడ్లీ ముక్కలు, అరటి పళ్ళు, సపాతీలో పంచదార సుట్టి, మరమరాలు, సాలు. వేరుశనగ గుళ్ళు, బఠాణీలు, గుండ్రంగా ఉన్న ద్రాక్ష పళ్ళు ఆ సిన్న గుంటకి కదిలే బండిలో పెట్టకు, కుదుపుకి గొంతుకడ్డం పడితే వెనకనున్నోలు సూసుకునే టైము కూడా ఉండదు. జంతికలు పెద్దోడికి మాత్రమే. ఒక డబ్బాలో అన్నీ కలిపి ఒకేసారి ఇచ్చీకు, గంటకోటి, అదీ సంచిలోంచి తీసి మేజిక్ లాగ. బొమ్మలు కూడా అలాగే, ఉన్నవే నాలుగు వారం ముందు దాసేసి, కార్లో ఒక్కోటీ తీయు, కొత్తవనుకుంటారు.

అన్నవరంలో కొండెక్కకపోయినా కింద ప్రసాదం దొరుకుద్ది, ఆకులో కట్టిన ఆ గోధుమ రవ్వ ప్రసాదం ఏడి ఏడిగా. మా గుంటలకి అదే లంచం. ఊరి నుంచి తిరిగెళ్ళేటప్పుడు తుని రాకముందే "అన్నవరం రాలేదా" అని ఏడ్సేవోలు, తుని దాటాకే వస్తాదని సెప్పినా ఇనరు. మీరు ఇటు వస్తే అన్నవరమే ముందు లెండి, అదృష్టవంతులు. అయితే వెనక సీట్లో మీరు ఉండాల, ముందు కాదు. అదొక్కటీ మర్సిపోకు, వెనక మనిషి లేకపోతే ఇవేవీ పని సెయ్యవు.

చిన్నూ వాళ్ళమ్మ:

ప్రయాణం ఎలా జరిగిందో చెప్తా, ఊరు చేరి మూడు రోజులైంది, ఇప్పటికి ఖాళీ దొరికింది. మొత్తం 15 గంటలు పట్టింది. నాలుగింటికి అనుకున్నది నాలుగూ నలభైకి బయల్దేరాం, అయినా పంతంగి దగ్గర పావుగంటే ఆగాం. నేను వెనక, ఇద్దరి మధ్యలో ఇరుక్కుని. నడుం పోయింది, అది వేరే సంగతి.

నంబర్ ప్లేట్ల ఆట నందిగామ దాకా నడిచింది, తర్వాత వాడికి విసుగొచ్చింది. అక్షరాల వేట నేను అనుకున్నంత సాగలేదు, బోర్డు కనబడేలోపే దాటిపోతున్నాం, వాడికి ఉక్రోషం వచ్చింది. కానీ టీచరమ్మ గారూ, ఆ పెదవుల పొడుపు కథ! హనుమాన్ జంక్షన్ దగ్గర అడిగా, వాడు జవాబు చెప్పలేదు, నేను కూడా వదిలేశా. ఏలూరు దాటిపోయింది, ఆయిల్ పామ్ తోటలు వచ్చాయి, వాడు బయటికి చూస్తూ పెదాలు మాత్రం కదుపుతున్నాడు, శబ్దం లేదు. గోదావరి వంతెన ఎక్కాక, నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది కదా అది, అందరం నీళ్ళు చూస్తుంటే వీడు ఒక్కసారిగా "నోరు! నోరు!" అని అరిచాడు. మావారు అదిరిపడ్డారు, మళ్ళీ వాంతి అనుకుని బండి స్లో చేసేశారు. వాడికేమో జవాబు దొరికింది. సరే నోరు అన్నాడు గానీ పెదవులు అనలేదు, నేను ఒప్పేసుకున్నా. దిగగానే వాళ్ళ తాతగారికి చెప్పులు కూడా విప్పకుండా అదే ప్రశ్న వేశాడు, ఆయన కావాలనే తెలీదన్నారు.

చిన్నది సీట్లో రెండు సార్లు ఏడ్చింది, కోదాడ ముందు ఒకసారి, యలమంచిలి దగ్గర ఒకసారి, మిగతాదంతా నిద్ర, లేకపోతే బొట్టు బిళ్ళలు. వాంతి ఒక్కటి కూడా లేదు. ఫోన్ అనకాపల్లి దాటాక ఇచ్చాం, ఓరుగల్లు అక్క చెప్పినట్టే, అరగంటకే ఇద్దరూ దాన్ని వదిలేసి నిద్రపోయారు.

ఒక్కటే సమస్య. పొడుగు కాగితం సంగతి పెద్దోడు మర్చిపోయాడు, కానీ చిన్నది తన పక్క అద్దం నిండా, డోర్ హ్యాండిల్ మీద, మావారి తల వెనక సీటు మీద, నా నుదుటన మొత్తం నాలుగు కార్డులు అంటించేసింది. మూడు రోజుల ఎండకి అద్దం మీదవి గట్టిగా పట్టేసుకున్నాయి. గోటితో గీకితే పైన పొర ఊడి జిగురు ఉండిపోతోంది, పైగా ఆ అద్దాలకి సన్ ఫిల్మ్ ఉంది. మావారు పొద్దున్నించీ బ్లేడు పట్టుకుని తిరుగుతున్నారు, నేనే ఆపా. ఎలా తియ్యాలో ఎవరికైనా తెలుసా?

స్టీరింగ్ మామ:

బ్లేడు పెట్టకండమ్మా, ఫిల్మ్ చిరిగిపోతుంది. కొబ్బరి నూనె రాసి పది పదిహేను నిమిషాలు వదిలేసి మెత్తని గుడ్డతో తుడవండి. తర్వాత సబ్బు నీళ్ళు. సీటు గుడ్డ మీద మాత్రం నూనె రాయకండి, మరక పడుతుంది.

రిటైర్డ్ టీచరమ్మ:

నోరు కూడా కరెక్టేనండి, పది మార్కులు వేసేయండి. తిరుగు ప్రయాణానికి కొత్తవి పంపిస్తాను.